పూజగది పాలరాతి పీటలో రంగురాళ్లు పొదగాలి: గాడి, జిగురు, పాలిష్ గురించి సలహా కావాలి

జయనగర్_జాజి:

అందరికీ నమస్కారం. బెంగళూరులో మా ఫ్లాట్ పూజగదికి మక్రానా తెల్లరాయితో పీట కోయించాను. పొడవు 18 అంగుళాలు, వెడల్పు 12, మందం 20 మి.మీ. పైముఖం పాలిష్ పట్టే వచ్చింది. మధ్యలో 6 అంగుళాల అడ్డుకొలతతో ఎనిమిది రేకుల పద్మం, చుట్టూ ఆకులతో సన్నటి తీగ, ఆగ్రా పనిలాగా రాళ్లు పొదగాలని ఉంది.

రాళ్లన్నీ 3 మి.మీ. పలకలుగా కోసినవే ఉన్నాయి. రేకులకు కార్నీలియన్ (ఎర్ర హకీక్), ఆకులకు మాలకైట్, తీగకు లాపిస్ లాజులి, మొగ్గలకు ముత్యపుచిప్ప, మధ్య దుద్దుకు టైగర్ ఐ. లాపిస్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ధర మరీ తక్కువ, అందుకే అనుమానంగా ఉంది. ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ ఉన్న రోటరీ టూల్, డైమండ్ బర్‌లు (రాతిలో గాడి తీసే సన్నటి తిరుగుడు మొనలు), 4 అంగుళాల టైల్ కట్టర్ ఉన్నాయి.

గాడి ఎంత లోతు తీయాలి? ఏ జిగురు వాడాలి? చివర్లో పాలిష్‌కి గ్రానైట్ మేస్త్రీని పిలవచ్చా? రోజూ దీపం, కుంకుమ, అప్పుడప్పుడు అభిషేకం ఉంటాయి. తట్టుకుంటుందా?

ఉలిచప్పుడు:

జాజి గారూ, మీ అయిదు రాళ్ల గట్టితనం ఒకటి కాదు. మోస్ కొలతలో పాలరాయి 3. ముత్యపుచిప్ప, మాలకైట్ 3.5–4 దగ్గర ఉంటాయి. లాపిస్ 5–5.5. కార్నీలియన్, టైగర్ ఐ 6.5–7. కోసేటప్పుడు దీంతో పెద్ద చిక్కు లేదు. పాలిష్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పనంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. ఆ ముచ్చట గరుకు220 గారు చెప్తారు. నేను కోత, గాడి, జిగురు వరకే చెప్తా.

రాయికి తగ్గట్టు గాడి తీయాలి గానీ గాడికి తగ్గట్టు రాయిని అరగదీయకూడదు. ముందు రాళ్లన్నీ పూర్తిగా తయారు చేసుకోండి. తర్వాత ఒక్కో ముక్కనీ పాలరాతి మీద దాని చోట పెట్టి, చుట్టూ సన్నటి మొనతో గీసి, ఆ గీత లోపలే గాడి తీయండి. ఎనిమిది రేకులూ ఒకేలా కనపడినా చేత్తో కోసినవి ఒకేలా ఉండవు. ముక్క అడుగునా, కాగితం మీదా ఒకే నంబరు వేయండి. తెల్లరాతి మీద తెల్లగీత కనపడదు కాబట్టి ఆగ్రాలో ముందు ఎర్రరంగు పూసి దాని మీద గీస్తారు. మీకు పాలిష్ పట్టిన ముఖమే ఉంది కనక పోస్టర్ కలర్ పల్చగా పూస్తే చాలు, తర్వాత తడిగుడ్డతో పోతుంది. కుంకుమ మాత్రం పూయకండి, ఆ రంగు రాయిలోకి దిగుతుంది.

రాతి పలక మీద కాగితం అంటించి కోస్తే నీళ్లకు ఊడిపోతుంది, స్కెచ్ పెన్ గీత చెదిరిపోతుంది. అల్యూమినియం తీగ ముక్కకి మొన చెక్కి పెన్సిల్‌లా గీయండి. నీళ్లు పడుతున్నా ఆ వెండిగీత చెరగదు. గీతకి అరమిల్లీమీటరు బయట కోసి, మిగిలింది 220 నంబరు గరుకున్న (నంబరు పెరిగేకొద్దీ నునుపు) డైమండ్ చక్రం మీద గీత దాకా అరగదీయాలి. పక్క అంచు అడుగుకు పోయేకొద్దీ కొంచెం లోపలికి వాలితే పైన సందు లేకుండా కూర్చుంటుంది. ఆ వాలు వెంట్రుకవాసే ఉండాలి. ఎక్కువైతే తర్వాత పైముఖం అరగదీశాక చుట్టూ సందు తెరుచుకుంటుంది. పైన గీత తప్పకుండా కోశాను, అయినా సందు కనపడుతోందని చాలామంది అనేది అందుకే.

రాయిని ఏ దిక్కున కోస్తామన్నది కూడా చూడాలి. మాలకైట్ చారలు ఆకు నడిమి ఈనె వెంబడి పోవాలి. అడ్డంగా పడితే ఆకు కాస్తా పురుగులా కనపడుతుంది. టైగర్ ఐని నారపోగులకి సమాంతరంగా కోస్తేనే పట్టులాంటి మెరుపు వస్తుంది, అడ్డంగా కోస్తే మొద్దు గోధుమరంగు. మీ పలకని కిటికీ దగ్గర అటూ ఇటూ వంచి చూడండి. వెలుగుగీత కదలకపోతే దుద్దుకి అది పనికిరాదు.

లాపిస్ తీగ 2 మి.మీ. వెడల్పుంటే పొడుగు వంపుని ఒకే ముక్కగా కోయకండి, విరుగుతుంది. 10–12 మి.మీ. ముక్కలు చేసి, ఆకు కాడ కలిసేచోట అతుకు వచ్చేలా చూసుకుంటే కంటికి దొరకదు.

గాడి: బర్ 1 మి.మీ. స్తంభాకారంది, వేగం 10–15 వేల ఆర్‌పీఎం, పైనుంచి నీటిచుక్క పడుతుండాలి. మోటారు దూరంగా వేలాడదీసి షాఫ్ట్ మాత్రమే చేతిలో పట్టుకోండి. నీళ్లూ కరెంటూ ఒకేచోట వద్దు. ముందు గీతకి 0.3 మి.మీ. లోపల చుట్టూ తిరగండి. తర్వాత అడుగు చదును చేసి, చివర్లో గోడని గీత దాకా తేండి. రేకు కొస సూదిగా ఉంటుంది, గుండ్రటి బర్ అక్కడిదాకా పోదు. ఆ మూల సన్నటి ఉలితో చేత్తోనే తీయాలి. అడుగు చదునుగా ఉందో లేదో చూడాలంటే రాయి అడుగున పెన్సిల్ సీసం రుద్ది గాడిలో ఒకసారి ఆనించి తీయండి. గాడిలో నల్లగా అంటిన చోటు ఎత్తుగా ఉన్నట్టు. వేలితో నొక్కితే రాయి దిగాలి. సుత్తెతో తట్టి దింపారంటే పాలరాతి అంచు పెచ్చు లేస్తుంది.

లోతు ఎంతన్నది రాయిని బట్టి. లాపిస్, మాలకైట్, చిప్పలకి 2.7 మి.మీ. చాలు. రాయి 0.3 పైకి ఉండాలి. కార్నీలియన్, టైగర్ ఐల లెక్క వేరు, కింద గరుకు గారి మాట విన్నాకే వాటి గాడి మొదలుపెట్టండి.

మొదటి ప్రయోగం మాత్రం ఆ మక్రానా పీట మీద చేయకండి. జిగానీ వైపు రాతి యూనిట్ల దగ్గర తెల్లరాతి తునకలు, కడప బండ ముక్కలు దొరుకుతాయి. కడప బండా సున్నపురాయే, గట్టితనం పాలరాయి దగ్గరే ఉంటుంది కనక చెయ్యి తిరగడానికి సరిగ్గా సరిపోతుంది. పొరలుగా ఏర్పడిన రాయి కావడంతో అంచుకి దగ్గరగా గాడి తీస్తే పొర లేచిపోతుంది, ఒక అంగుళం వదిలి చేయండి.

వైట్‌ఫీల్డ్_వాసి:

ఇంత కష్టం ఎందుకండీ? బెంగళూరు చుట్టుపక్కల వాటర్‌జెట్ కటింగ్ యూనిట్లు బోలెడు. డ్రాయింగ్ ఫైల్ ఇస్తే గంటలో అన్నీ కోసిచ్చేస్తారు.

ఉలిచప్పుడు:

వాటర్‌జెట్ రాయిని ఆరపార కోస్తుంది. 20 మి.మీ. రాయిలో 2.7 మి.మీ. లోతు గాడి అడుగు చదునుగా తీయడం దాని పని కాదు. దానికి సి.ఎన్.సి. రౌటర్ (కంప్యూటర్ నడిపే చెక్కుడు యంత్రం) కావాలి. ముక్కలు కోయడానికైనా జెట్ వెడల్పు ఇంచుమించు 1 మి.మీ. ఉంటుంది, రేకు కొస సూదిగా రాదు. చిప్ప పొరలు విడిపోతాయి. లాబీ ఫ్లోర్‌లో పెద్ద పెద్ద పూలకి అది బాగుంటుంది, 2 మి.మీ. తీగకి కాదు.

అంతగా చెయ్యి తిరగలేదు అనుకుంటే నమూనా మార్చుకోవచ్చు. తాజ్‌మహల్ పూలతీగలు చూసి అందరూ అక్కణ్నుంచే మొదలుపెడతారు. ఆగ్రాలోనే దానికన్నా ముందు, 1622–28 మధ్య కట్టిన ఇతిమాద్ ఉద్ దౌలా సమాధి గోడలు చూడండి. అక్కడ నక్షత్రాలు, షట్కోణాలు ఎక్కువ. సరళరేఖలన్నీ టైల్ కట్టర్‌తో వస్తాయి, పద్మం మాత్రం చేత్తో చేసుకోవచ్చు.

నీలిచుక్క:

లాపిస్ సంగతి నేను చెప్తా. వంటింటి త్రాసు, అరగ్రాము తేడా పట్టుకునేదైతే చాలు. పలకని పొడిగా తూచండి. తర్వాత గిన్నెలో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. పలకకి సన్నదారం కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి చేత్తో వేలాడదీయండి. త్రాసు ఇప్పుడు చూపించే అంకె, పలక తోసేసిన నీటి బరువు. పొడి బరువుని దానితో భాగించండి. పొడిగా 54 గ్రాములు, నీటిలో 20 చూపిస్తే 2.7. లాపిస్ 2.7–2.9 మధ్య ఉంటుంది. 45కి 20 అయితే 2.25, అది సోడలైట్. లాపిస్ పేరుతో ఎక్కువగా అంటగట్టే రాళ్లలో ఇదొకటి. అది నకిలీ కాదు, నిజమైన రాయే, కాకపోతే ధర లాపిస్‌ది కాదు. మీ తీగకి సోడలైట్ వాడినా కొంప మునగదు, గట్టితనం లాపిస్‌కి దగ్గరే.

అసలు చిక్కు రంగేసిన రాయితో. దూదికి అసిటోన్ (నెయిల్ పాలిష్ రిమూవర్ కాదు, హార్డ్‌వేర్ షాపులో దొరికేది) తడిపి పలక వెనకవైపు అరనిమిషం రుద్దండి. దూది నీలమైతే రంగేసిందే. పొదిగాక ఆ రంగు జిగురులోకీ, చుట్టూ తెల్లరాతిలోకీ దిగుతుంది. ఒకసారి దిగితే ఇక రాదు. మైనం పూత ఉన్నా రంగు వెంటనే రాకపోవచ్చు, అంచుని కొద్దిగా అరగదీసి తాజా ముఖం మీద కూడా రుద్ది చూడండి.

కంటికి: అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ నుంచి వచ్చే మంచి లాపిస్‌లో పైరైట్ బంగారు రవ్వలు ఒక క్రమం లేకుండా చెల్లాచెదురుగా ఉంటాయి, కాల్సైట్ తెల్ల మరకలు కొద్దిగానైనా ఉంటాయి. రవ్వలు ఇసుక చల్లినట్టు అంతటా సమానంగా ఉంటే అనుమానించండి.

మాలకైట్ కూడా ఒకసారి చూసుకోండి. జైపూర్ వ్యాపారులు దీన్నే దానా ఫిరంగ్ అంటారు. పొడిచేసి రెసిన్‌తో దిమ్మగా పోసిన సరుకులో చారలు గీసినట్టు తిన్నగా, ఒకే వెడల్పులో, లేత ముదురు ఆకుపచ్చ మారి మారి వస్తాయి. అసలుదానిలో చారలు వంపులు తిరిగి, కన్నులాంటి వలయాలు కట్టి, ఎక్కడికక్కడ వెడల్పు మారుతుంది. ఇందాకటి లెక్కే దీనికీ చేస్తే 3.6 నుంచి 4 మధ్య రావాలి. రెసిన్ దిమ్మ దానికి చాలా తక్కువ చూపిస్తుంది.

ఎవరికైనా పనికొస్తుందని ఇంకో మాట. పాలరాతి దుకాణంలో ఆకుపచ్చ ఓనిక్స్ అని చూపించేది కాల్సైట్, గట్టితనం 3. రత్నాల కొట్టులో గ్రీన్ ఓనిక్స్ అనేది రంగుపట్టించిన హకీక్, గట్టితనం 7 దగ్గర. కొనేచోటుని బట్టి పేరు ఒకటే, రాయి వేరు.

జయనగర్_జాజి:

ధన్యవాదాలండీ. లాపిస్ 2.75 వచ్చింది, దూది తెల్లగానే ఉంది. తెల్లరాతి తునక మీద రెండు రేకులు, ఒక ఆకు పొదిగి చూశాను. రెండు సందేహాలు. రాయి చుట్టూ 3–4 మి.మీ. వెడల్పున పాలరాయి తడిసినట్టు కాస్త పసుపుగా మారింది. కార్నీలియన్ పలకగా ఎర్రగా ఉండేది, పొదిగాక కాఫీరంగులోకి వచ్చింది. వాడింది పల్చటి, తొందరగా గట్టిపడే పారదర్శక ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ రెండూ కలిపి వాడే జిగురు).

ఉలిచప్పుడు:

రెండూ జిగురు వల్లే.

పాలరాయి గట్టిగా కనపడినా పీల్చుకునే రాయి. పల్చటి రెసిన్ గోడల్లోంచి పక్కకి పాకుతుంది. ముఖ్యంగా పాళ్లు కుదరనప్పుడు గట్టిపడకుండా మిగిలిన రెసిన్ రోజులతరబడి పాకుతూనే ఉంటుంది. చెంచాలతోనో చూపుమేరకో కాకుండా త్రాసు మీద తూచి కలపండి, పాళ్లు డబ్బా మీద రాసినవే. నెమ్మదిగా గట్టిపడే, వెన్నలా ఉండే రకం తీసుకోండి. ముందు గాడి గోడలకీ అడుగుకీ సన్నటి కుంచెతో ఒక పల్చటి పూత వేసి, వేలికి బంకగా అంటే దాకా ఆగి, అప్పుడు అసలు జిగురు వేసి రాయి పెట్టండి. ఆ మొదటి పూతే పాకుడుకి అడ్డుకట్ట. గాడి చుట్టూ పైముఖానికి టేపు వేయండి.

గాడి తీశాక నీళ్లు రాయిలో ఉండిపోతాయి. రెండు రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే జిగురు. తడిమీద వేస్తే ఎపాక్సీ పాలరంగుకు తిరుగుతుంది, పట్టూ ఉండదు. డిసెంబరు, జనవరిల్లో చేస్తుంటే ఇంకో సంగతి. బెంగళూరు రాత్రుల్లో 15–16 డిగ్రీలుంటుంది. 25 డిగ్రీల దగ్గర ఒక రోజులో గట్టిపడే ఎపాక్సీకి అక్కడ దాదాపు రెండు రోజులు పడుతుంది. పైన గోరుకి గట్టిగా తగిలిందని పాలిష్ మొదలుపెట్టకండి.

కార్నీలియన్ కాంతిని లోపలికి పోనిచ్చే రాయి. మనకు కనపడే ఎరుపులో సగం వెనకనుంచి తిరిగొచ్చే వెలుగుదే. వెనక పసుపు జిగురూ బర్ దుమ్ముతో బూడిదరంగు తిరిగిన గాడీ ఉంటే ఎరుపు చచ్చిపోతుంది. జిగురులో టైటానియం డయాక్సైడ్ తెల్లపొడి, బరువులో 3–5 శాతం మించకుండా కలపండి, ఎక్కువైతే పట్టు తగ్గుతుంది. గాడి అడుగుని ఆల్కహాల్‌తో తెల్లగా అయ్యేదాకా తుడవండి. ఒక రేకు కింద తెల్ల జిగురు, ఇంకోదాని కింద ఏమీ కలపనిది పెట్టి పక్కపక్కన చూస్తే రెండు వేర్వేరు రాళ్లేమో అనిపిస్తుంది. అదే ఉపాయంతో ఒకే పలక నుంచి ముదురు, లేత రేకులు కూడా తీయొచ్చు. లాపిస్, మాలకైట్ కాంతిని పోనివ్వవు, వాటికి ఏ రంగు జిగురైనా ఒకటే. వాటి చుట్టూ సందులోకి మాత్రం పాలరాతి పొడి కలిపిన జిగురు నింపండి.

మార్బుల్ మేస్త్రీలు వాడే పాలియెస్టర్ మాస్టిక్ వద్దు. గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది, అంచుల్లో సన్నటి గీత పడుతుంది. ఫెవిక్విక్‌లాంటివి ఇంకా వద్దు. పెళుసు, తేమకి వదిలేస్తాయి.

గరుకు220:

ఇక పాలిష్. గ్రానైట్ మేస్త్రీ ప్రశ్నకి ముందు సమాధానం: పిలవకండి. పిలిచినా ఆక్సాలిక్ యాసిడ్ దగ్గరికి రానివ్వకండి. మన దగ్గర మార్బుల్ ఫ్లోర్‌కి చివర మెరుపు తెప్పించే పౌడర్లలో అది మామూలే. పాలరాతి మీద వాళ్లకి అలవాటైన పనే. మాలకైట్ రాగి కార్బొనేట్, చిప్ప కాల్షియం కార్బొనేట్, లాపిస్‌లో కాల్సైట్ ఉంటుంది. ఆ పౌడర్ ఒక్క చుట్టు తిరిగితే మాలకైట్ మీద మెరుపు పోయి తెల్లబారుతుంది, చిప్ప గరుకెక్కుతుంది. మళ్లీ 600 నుంచి మొదలుపెట్టాల్సిందే.

రెండోది, ఉలిచప్పుడు గారు పైన వదిలేసిన సంగతి. 7 గట్టితనం ఉన్న రేకు, 3 ఉన్న పాలరాయి పక్కపక్కన ఉన్నప్పుడు మెత్తటి ప్యాడ్‌తో రుద్దితే పాలరాయి అరుగుతుంది, రేకు అరగదు. పది నిమిషాల్లో రేకు చుట్టూ పల్లం పడుతుంది. కంటికి కనపడకపోయినా వేలు జరిపితే తెలుస్తుంది, దీపం వెలుగు పక్కనుంచి పడితే ఇంకా బాగా తెలుస్తుంది. ఆగ్రాలో పనివాళ్లు చదునైన ఎమరీ దిమ్మతో, చెయ్యి బరువు సమానంగా వేసి అన్నీ కలిపే అరగదీస్తారు. ఆ బరువు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఇంట్లో చేసేవాళ్లకి నేను చెప్పేది రెండు విడతల పద్ధతి.

మొదటి విడతలో మెత్తవి మాత్రమే, అంటే లాపిస్, మాలకైట్, చిప్ప పొదగండి. జిగురు పూర్తిగా గట్టిపడ్డాక 5 మి.మీ. అద్దం ముక్కకి సిలికాన్ కార్బైడ్ నీటికాగితం చుట్టి, నీళ్లు పోస్తూ రుద్దండి. స్పాంజి, చెక్కకి గుడ్డ చుట్టడం లాంటివి వద్దు, వెనక ఉన్నది గట్టిగా చదునుగా ఉండాలి. 220తో రాళ్లు పాలరాతి మట్టానికి రాగానే ఆపండి. అక్కడ ఒక్క నిమిషం ఎక్కువైనా చిప్ప పల్లమవుతుంది. తర్వాత 400, 600, 1000, 2000. కాగితం మార్చేముందు పీటనీ, అద్దాన్నీ, చేతుల్నీ కడగండి. 220 రవ్వ ఒక్కటి మిగిలిపోయినా 2000 దగ్గర పొడుగు గీత పడుతుంది, అది ఎక్కణ్నుంచి వచ్చిందా అని వెతుక్కోవాలి. ప్రతి కాగితానికీ ముందు పైముఖమంతా పెన్సిల్‌తో అడ్డగీతలు గీసుకోండి. గీతలు ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు. ఒక కాగితం నిలువుగా రుద్దితే తర్వాతది అడ్డంగా.

మెరుపుకి టిన్ ఆక్సైడ్, నీటితో గంధంలా కలిపి, గట్టి ఫెల్ట్ మీద. ఫెల్ట్ తడి ఆరుతూ కాస్త లాగినట్టు అనిపించినప్పుడే మెరుపు పుడుతుంది, మరీ తడిగా ఉంటే జారుతుందంతే. పీటకి ముందున్న పాలిష్ మొదటి కాగితంతోనే పోతుంది, దాని గురించి బెంగ వద్దు, ఇక్కడ తిరిగొస్తుంది. మాలకైట్ ఒక్కటి మొండికేస్తుంది, నారింజ తొక్కలా గుంతలు గుంతలుగా కనపడుతుంది. దానికి తోలు ముక్క మీద క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చ పొడి, చాలా తేలిగ్గా. ఆ పచ్చ పక్కనున్న పాలరాతి సందుల్లో దూరుతుంది కనక చుట్టూ టేపు వేయడం మరవకండి. మాలకైట్ వేడికి తట్టుకోదు. రోటరీ టూల్‌కి ఫెల్ట్ బిగించి ఒకేచోట నొక్కిపట్టారంటే పగుళ్లు వస్తాయి.

రెండో విడత. కార్నీలియన్, టైగర్ ఐ ముక్కల్ని పీటలో పెట్టకముందే విడిగా పూర్తిగా పాలిష్ చేయండి. డైమండ్ ప్యాడ్‌లు 400 నుంచి 3000 దాకా, ఆపైన సీరియం ఆక్సైడ్. సానపట్టాక మందం 2.6 మి.మీ. దగ్గరికి వస్తుంది. వెర్నియర్‌తో ఒక్కోటీ కొలిచి, దానికి 0.2 మి.మీ. కలిపి గాడి తీయండి, ఆ 0.2 జిగురు మందం. గాడిలో తెల్ల జిగురు, దాని మీద రాయి. పైన ఓహెచ్‌పీ షీట్ (పారదర్శక ప్లాస్టిక్ షీట్), దాని మీద చదునైన అద్దం పెట్టి, అద్దం నాలుగువైపులా పాలరాతిని ఆనేదాకా నొక్కి ఒక కిలో బరువు పెట్టండి. రాయి తనంతట తానే పాలరాతి మట్టానికి కూర్చుంటుంది. ఇక రుద్దే పనే లేదు.

జిగురు తక్కువైతే అంచు కింద బోలు మిగులుతుంది, గోరుతో తట్టితే డొల్లచప్పుడు వస్తుంది. ఎక్కువైతే పైకి పొంగుతుంది, అదే మేలు. గంటన్నర, రెండు గంటలకి జిగురు రబ్బరులా అయినప్పుడు అద్దం తీసి వెదురు పుల్ల మొనతో గీకి, ఆల్కహాల్ దూదితో తుడవండి. బ్లేడుతో గీకొద్దు. ఉక్కు పాలరాయి కన్నా గట్టిది, పాలిష్ మీద గీతలు పడతాయి. తుడిచాక అద్దమూ బరువూ మళ్లీ పెట్టి తెల్లారేదాకా కదపకండి.

దుమ్ము గురించి కచ్చితంగా ఉండండి. హకీక్, టైగర్ ఐల దుమ్ము సిలికా, ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. మాలకైట్ దుమ్ము రాగి విషం. చిప్ప దుమ్ము కూడా ఊపిరితిత్తులకి పడదు. ఒక్క కోత కూడా పొడిగా వద్దు. నీళ్లతోనే చేయాలి, ఆపైన ఎన్95 తక్కువ కాకుండా మాస్క్. పని అయ్యాక పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. అరిగిన బురదని సింకులో పోయకండి, పైపులో సిమెంటులా పేరుకుంటుంది. బకెట్‌లో రాత్రంతా ఉంచితే అడుగున దిగుతుంది, పైనీళ్లు వంపేసి ముద్దని కాగితంలో చుట్టి చెత్తలో వేయండి.

మాలతీ_మైసూర్‌రోడ్:

పూజకి సంబంధించి రెండు ముక్కలు. పాలరాతికీ ఈ రాళ్లకీ పులుపు శత్రువు. నిమ్మకాయ, చింతపండు, పీతాంబరి, బాత్రూం క్లీనర్ ఏవీ వద్దు. ఇత్తడి సామాను పీట మీదే పెట్టి తోమే అలవాటుంటే ముందు అది మానాలి. అభిషేకంలో పెరుగు కూడా పులుపే కాబట్టి విగ్రహాన్ని లోతైన పళ్లెంలో పెట్టి చేయండి. పసుపు, కుంకుమ నేరుగా పడితే తెల్లరాతిలోకి దిగుతాయి. రాళ్లకి కాదు, పాలరాతికి వచ్చే మరక అది. రాతిలోకి ఇంకే రకం సీలర్ రెండు పూతలు వేస్తే తుడుచుకునే వ్యవధి దొరుకుతుంది, మరకే పడదని కాదు.

దీపం కుందె కింద చిన్న పళ్లెం తప్పనిసరి. నూనె కారడం ఒకటైతే, మామూలు ఎపాక్సీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, గంటలకొద్దీ వెలిగే కుందె అడుగు ఆ వేడికి రావడం పెద్ద విషయం కాదు. అఖండదీపం పద్మం మీద వద్దు, పక్కన పెట్టుకోండి.

తుడవడానికి తడిగుడ్డ, జిడ్డుంటే గిన్నెల సబ్బు ఒక చుక్క, వెంటనే పొడిగుడ్డ. ఫిరోజా (టర్కాయిస్) వాడే ఆలోచన ఉంటే మానుకోండి. నూనె పీల్చి ఆకుపచ్చకి తిరుగుతుంది, నువ్వులనూనె దీపం ఉన్నచోట అది నిలవదు.

జయనగర్_జాజి:

చాలా స్పష్టంగా ఉంది. రెండు విడతలుగానే చేస్తాను. ఒక్కటే మిగిలింది. ఎప్పుడైనా ఒక రేకు పగిలితే దాన్నొక్కదాన్నీ మార్చొచ్చా? పక్కన మాలకైట్ ఆకులు ఆనుకుని ఉంటాయి.

ఉలిచప్పుడు:

మార్చొచ్చు. హెయిర్ డ్రయర్‌తో ఆ రేకు మీద మాత్రమే, అరచెయ్యి దూరం నుంచి వేడి చేయండి. పక్క ఆకుల మీద తడిపిన దూది, దాని మీద అల్యూమినియం ఫాయిల్ కప్పండి, మాలకైట్‌కి వేడి తగలకూడదు. హీట్ గన్ వద్దు, ఒక్కసారిగా వేడెక్కితే పాలరాయీ చిట్లుతుంది. జిగురు మెత్తబడ్డాక పగులు దగ్గర నుంచి సన్న ఉలిమొనతో ముక్క ముక్కగా ఎత్తండి, గాడి గోడని ఆసరా చేసుకుని మీటకండి. మొత్తం రాయిని ఒకేసారి లేపాలని చూస్తే అంచు పోతుంది. అడుగున మిగిలిన జిగురుని బర్‌తో, నెమ్మదిగా.

అందుకే పద్మానికి కోసేటప్పుడే అదే పలకలోంచి రెండు రేకులకి సరిపడా రాయి పక్కన దాచండి, కాగితం నమూనా కూడా నంబర్లతో సహా. కార్నీలియన్ రంగు పలకకీ పలకకీ మారుతుంది. గుజరాత్ ఖంభాత్ సరుకులో ఎరుపు చాలావరకు కాల్చి తెచ్చిందే, ఒక్కో దఫా ఒక్కోలా వస్తుంది. తర్వాత అదే రంగు వెతుక్కుంటే దొరకదు.

నీలిచుక్క:

దాచిన ముక్క వెనక జిగురులో ఎంత తెల్లపొడి కలిపారో కూడా రాసిపెట్టండి. రాయి అదే పలకదైనా వెనక తెలుపు మారితే రేకు రంగు మారుతుంది.